కొయ్యగిన్నెమీది సంవత్సరము



వెనుక నొకమాసమున ఇత్తడిపాత్రల కళాయిని గూర్చి వ్రాయుచు, ఇంట నున్న పాతవస్తువు ఇట్టిదని తెలియక పాఱవేయవలదని యొకమాట యంటిని. దానిని చదివి కొందఱు సోదరీమణులు, "తెలిసికొనుట యెట్లో కూడ చెప్పరాదా?" యని వ్రాసిరి. న్యాయమైన ప్రశ్నయే. సమాధానము గ్రంథములనుండి యేఱి వ్రాయుదమని కూర్చుండునంతలో మా యింటనే యట్టి వస్తువొకటి ప్రవేశించినది. అది రెండునెలలు నన్ను నిద్రపోనీయక, మా యింటివారందఱిలో తగవు పెట్టి, తుదకొక యవ్వనోట రెండుమాటలలో తన పేరు చెప్పించుకొన్నది.

మా ఇల్లందు బొగ్గుగనుల యూరు. ఇచ్చట కాపురములు వచ్చుచు పోవుచుండును. క్వార్టర్లు ఖాళీచేయువారు విడిచిపోయిన మంచములును, బీరువాలును, చుట్టుప్రక్కల పల్లెలలో పెంకుటిండ్లు విప్పి డాబాలు కట్టుకొనువారు తూకమునకు వేసిన దూలములును, అటుకమీది సామానులును ఒక యంగడికి చేరును. ఫాల్గుణమాసమున మా చిన్నదానికి చదువుకొనుటకు పొట్టిబల్ల యొకటి కావలసి అక్కడికి పోతిని. బల్ల దొరకలేదు. దూలముల సందున మన్ను కప్పుకొని పడియున్న కొయ్యగిన్నె యొకటి కంటబడినది. అంగడియతడు నాలుగువందలనెను, నేను మున్నూఱిచ్చితిని. బల్లకని తీసికొనిపోయిన సొమ్ముతో ఈ మొద్దును తెచ్చితినేమని చిన్నది అలిగినది.

ఆ గిన్నె స్వరూపము చెప్పెదను. నోరు వెడల్పు, అడుగు సన్నము. రెండుచేతులు కలిపి దోసిలి పట్టినంత లోతు. ఒకే మొద్దును తొలిచి చేసినది. అంచునకు ఇనుపపట్టీ. వింత యేమనగా, అడుగున మూడు రంధ్రములు, ఒక్కొక్కటి బొటనవ్రేలు పట్టునంత, తిన్నగా క్రిందికి గాక మూడు దిక్కులకు ఏటవాలుగా తొలిచినవి. ఏమి పోసినను నిలువని పాత్ర యెవరికి గావలెను?

మా అత్తగారు చూచి జంతికలగిద్దె యనిరి. గిద్దెకు పైనుండి అదుముటకు కట్టె యుండవలెను, ఇంత వెడల్పునోట ఏ కట్టె యిముడును? పొరుగింటి పిన్నిగారు శివలింగముమీద వ్రేలాడదీయు ధారాపాత్ర యనిరి. దానికి రంధ్రమొకటే, అదియు నడుమ నుండును. మావారు పాఠశాలనుండి వచ్చి కొంతసేపు త్రిప్పి త్రిప్పి చూచి, "పిల్లలు గణితమున తప్పు చేసినప్పుడు నే నడిగెడి ప్రశ్నయే దీని నడుగవలెను. ఇచ్చినదేమి, అడిగినదేమి?" యని నవ్వి, భోజనమునకు కూర్చుండిరి. ఎవరికిని తోచనందున, పవిత్రమైనదేదో కావచ్చునని అత్తగారు దానిని దేవునిగూట బెట్టించిరి.

ఇచ్చట చదువరులకొక మాట. పాతకొయ్యవస్తువు చేతికి రాగానే సబ్బునీట ముంచి తోమవలదు, గరుకుకాగితముతో రుద్దవలదు, వార్నీషు పూయవలదు. మన కంటికి మురికిగా దోచునదే దాని జాతకము. నేను పొడికుంచెతో మన్ను విదల్చి, మెత్తని గుడ్డతో తుడిచితిని. అంతలో అంచుక్రింద గీతలు కనబడినవి. గీతలు అరిగియుండుటచే పలుచని కాగితము పఱచి, పైన బొగ్గుతో మెల్లగా రుద్దితిని (ఈ యూర బొగ్గునకు కొదువలేదు గదా). కాగితముమీద తెల్లగా తేలినది: దు॥ ౧౩౩౧.

మా పిల్లలకు ఇవి అంకెలని తెలియలేదు. పెద్దది బి.ఎస్‌సి. చదువుచున్నది, తెలుగంకెలు నేర్వలేదు. "అమ్మా, ఇది లతలపని గదా?" యన్నది. మా తండ్రిగారు పంచాంగము ముందు బెట్టుకొని నాకు అక్షరములతోపాటు అంకెలు దిద్దించినందున చదువగలిగితిని. వేయిన్నిమూడువందల ముప్పదియొకటి! నా గుండె ఝల్లుమన్నది. ఓరుగల్లు కూలినది 1323లో. దానికి ఎనిమిదేండ్ల తరువాతి వస్తువు మా దేవునిగూట నున్నదా?

ఈ మాట యెట్లో అంగడియతని చెవిబడినది. మూడవనాడు ఇంటికి వచ్చి కూర్చుండి, పట్టణమున పురాతనవస్తువులు కొను వ్యాపారి యొకడున్నాడనియు, కాకతీయుల కాలపుదని ఒక పంతులుగారు సంతకము చేసి యిచ్చినచో ఏబదివేలకు తీసికొనుననియు, అందు సగము మాకనియు జెప్పెను. ఆషాఢములో మా పెద్దదానికి కట్టవలసిన రుసుము ఇంచుమించు ఆ సగమునకు సమానము. అతడు వెడలిన పిమ్మట మావారేమియు పలుకలేదు. రాత్రి దీప మార్పుచు, "అంకెలు చదివినది నీవు. అర్థముకూడ నీవే చెప్పవలెను" అని మాత్ర మనిరి.

అంకె చదువుట వేఱు, శకము తెలియుట వేఱు. క్రీస్తుశకము 1331 కాజాలదని తెల్లవాఱునప్పటికే నిశ్చయించుకొంటిని. ఆ కాలమున మన దేశమున ఆ శకముతో నెవ్వరును లెక్కవేయలేదు. శాసనములు తఱచుగా శాలివాహనశకముననే యుండును. శాలివాహనశకము 1331 అనుకొందమా, అది 1409వ సంవత్సరమగును. నవాబుగారి రాజ్యమున హిజరీకూడ వాడుకలో నున్నది. హిజరీ 1331 అనగా 1912 డిసెంబరు మొదలు 1913 నవంబరు వఱకు. నాలుగవది ఫసలీ. దానికి 590 కూడినచో 1921 వచ్చును. ఒకే అంకె నాలుగు శకములలో ఆఱువందల యేండ్ల దూరము చూపుచున్నది.

దీనికి తాళపుచెవి ఆ "దు॥" అను అక్షరమున దొరకినది. పూర్వులు పత్రములమీద సంవత్సరనామమును మొదటియక్షరముతో వ్రాసి రెండుగీతలు గీయుట నేనెఱుగుదును. అఱువది సంవత్సరములలో "దు"తో మొదలగునవి మూడే: దుర్ముఖి, దుర్మతి, దుందుభి. ఇక లెక్కవేయుటయే. 1331 ప్రజోత్పత్తి. 1409 విరోధి. 1912 పరీధావి, 1913 ప్రమాదీచ. వీనిలో ఒక్కటియు "దు" కాదు. ఫసలీ 1331 అయినచో, హైదరాబాదు రాజ్యమున అది 1921 అక్టోబరు మొదటివారమున ప్రారంభమై మఱుసటియేడు అక్టోబరువఱకు నడచినది. 1921 ఉగాదినుండి దుర్మతి. 1922 మార్చి చివరనుండి దుందుభి. రెండును "దు"యే! పంచాంగము మూసి ఒక్కతెనే నవ్వుకొంటిని.

మావారు ఊరకొనలేదు. మూడవయంకె ౨ కావచ్చును గదా, కొంత అరిగియున్నదనిరి. అట్లయిన ఫసలీ 1321, అనగా 1911–12. అవి విరోధికృత్తు, పరీధావి. పనికిరాదు. "దు" యనగా దుర్గయ్య కావచ్చుననిరి. కావచ్చును, కాని ఊరక వ్రాసిన పేరుముక్క ఆ యేటి సంవత్సరనామముతోనే కలియుట యెంత యరుదు! ఈ రెండవ యాక్షేపణను మాత్రము నేను పూర్తిగ త్రోసివేయజాలను. అయినను, ప్రక్కన అంకెలున్నప్పుడు ఆ యక్షరము సంవత్సరముదే యనుట మేలని నా తలంపు.

మఱియొక సందేహము. ఈ వస్తువు నిజాము రాజ్యపుదో, మద్రాసు ఇలాకాదో యెట్లు తెలియును? మా ప్రాంతము రెండురాజ్యముల సరిహద్దు. ఇల్లందు నిజామువారి వరంగల్లు జిల్లాలోను, గోదావరికావలి భద్రాచలము మద్రాసు ఇలాకాలోను ఉండెడివి. భద్రాచలము ఖమ్మముజిల్లాలో కలిసినది 1959లో. అదృష్టమేమనగా ఫసలీ రెండుచోట్లను శిస్తు లెక్కలకు వాడుకలో నున్నది. మద్రాసువారి ఫసలీ జూలై ఒకటవతేదీనుండి, హైదరాబాదువారిది అక్టోబరునుండి. నెలల భేదమేగాని యేడు మాఱదు.

ఇంతవఱకు తేలినను, వస్తువేమో తేలలేదు! పుట్టినతేదీ తెలిసి పేరు తెలియని బిడ్డవలె గూటనే యున్నది.

చైత్రమున ఒకనాడు అడ్డాకు విస్తళ్లు అమ్మెడు అవ్వ వచ్చినది. అడవిదగ్గఱి పల్లెనుండి నెలకొకమాఱు వచ్చును. దాహమిమ్మని లోపలికి వచ్చి, గూటివైపు చూచి బుగ్గను చేయివేసికొన్నది.

"ఇదేంది పంతులమ్మా, జడ్డిగాన్ని దేవుని గూట్ల పెట్టినవ్?"

"జడ్డిగమా? అనగా నేమి, అవ్వా?"

"గొర్రు మీద పెడతరు. మొగోడు గొర్రు తోలితే ఆడోళ్లం ఎనక నడుసుకుంట ఇత్తులు పోస్తం. నా పెండ్లైన ఏడు మా అత్త నా చెయ్యి పట్టుకొని నేర్పింది."

అత్తగారు లోపలనుండి వచ్చి నిలువబడిరి. నేను చేటలో జొన్నలు తెచ్చితిని. అవ్వ గిన్నెను ఒడిలో పెట్టుకొని, పిడికెడు జొన్నలు తీసికొని, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సందుచేసి, చేతిని గిన్నెలో గుండ్రముగ త్రిప్పుచు వదలినది. మూడురంధ్రములనుండి మూడుధారలు, దారముతో కొలిచినట్లు సమముగ నేలబడినవి. మా యత్తగారు "ఓసి, ఇంతేనా!" యనిరి.

ఇంతేయని యెంచకుడు. ఆ పని యెట్టిదో అవ్వ చెప్పినదానిని, పిదప చూచి తెలిసికొన్నదానిని కలిపి వ్రాయుచున్నాను. గొర్రు అనగా మూడు, నాలుగు, కొన్నిచోట్ల అంతకెక్కువ పండ్లుగల విత్తెడు పనిముట్టు. ప్రతిపంటికిని వెనుక నొక బొంగుగొట్టము. ఆ గొట్టముల పైకొనలన్నియు ఈ జడ్డిగపు రంధ్రములలో వచ్చి చేరును. అందుకే రంధ్రములు ఏటవాలుగా నున్నవి! ఎడ్లు నడుచుచుండ పండ్లు నేలను చీల్చును. పోసిన గింజ గొట్టమువెంట జాఱి, చీలిన సాలులోనే తడిమన్నున పడును. వెనుక గుంటక తోలినచో మన్ను కప్పుకొనును. చల్లినగింజ పక్షులపాలగును, ఎండకు మాడును. సాలున బడినగింజ ఒకే లోతున, ఒకే యెడముతో మొలచును, కలుపుతీయుటకు నడుమ త్రోవయుండును. కంది వంటి పప్పుధాన్యమునకు వేఱొక గొట్టమును గొర్రువెనుక త్రాటికి కట్టి, ఇంకొక స్త్రీ దానిలో పోయుచు నడచుట కూడ కలదు.

ఎడ్లు త్వరపడినచో చేయి త్వరపడవలెను. రాయి తగిలి ఆగినచో చేయి ఆగవలెను. ఏ రంధ్రమునకైన గింజ తక్కువపడినచో అప్పుడెవరికిని తెలియదు. వారముదినములు గడచి మొలకలు వచ్చినపిదప ఆ సాలు బోడిగ కనబడును. ఊరంతయు గట్టుమీద నడచిపోవుచు, ఇది యెవరి కోడలు పోసినది యని చూచును. "మా అత్త కొట్టలే గాని, ఆ సాలు కోతల దాక నాకు సూపించింది" అని అవ్వ నవ్వినది. మనము ముగ్గుచుక్క వంకరపోయిన చెఱిపి మఱల పెట్టుదుము. ఆమె చుక్కలను చెఱుపుటకు వీలులేదు.

పేరు తెలియగానే తక్కినవన్నియు తమంతట చెప్పనారంభించినవి. రంధ్రముల లోపలియంచులు గాజువలె నునుపుదేరియున్నవి, గింజలు రాచుకొని. క్రిందిప్రక్క గొట్టపుకొనలు ఒత్తుకొన్న వలయములున్నవి. ఇనుపపట్టీకి రెండు మేకులు: ఒకటి కమ్మరి సమ్మెటతో కొట్టిన నలుపలకలది, మఱియొకటి యంత్రమున చేసిన గుండ్రనిది. రెండవది పిమ్మట చేసిన మరమ్మతు కావలెను. నోరు సరిగ గుండ్రముగ లేక కొంచెము కోలగ నున్నందున ఎంతో పాతదని నేను మొదట మురిసితిని. మా యూరి వడ్రంగి ఆ భ్రమ తీర్చెను. పచ్చికొయ్యను తొలిచినచో ఆఱునప్పుడు అడ్డముగ కుదించుకొనును, అది ఒక యేడాదిలోనైనను జరుగును, వయస్సునకు గుఱుతు కాదనెను. అతడే రంధ్రపులోపలినుండి చిన్నపేళికను గీకి గాజుగ్లాసుడు నీటిలో వేసి యెండలో పెట్టెను. కొంతసేపటికి నీరు తేనెరంగు తిరిగి, నల్లనిగుడ్డ వెనుక పట్టి చూడగా నీలికాంతి తళుక్కుమన్నది. ఇది ఏగిసకొయ్య యన్నాడు. మా యడవులలో విరివిగ నుండు చెట్టే. దీని గ్లాసులు చక్కెరవ్యాధివారికని అంగళ్లలో నమ్ముదురు. ఆ గుణమును నమ్మి మందులు మానువారిని చూచి నాకు భయము.

కర్బనపరీక్ష చేయింపరాదా యని పెద్దది అడిగినది. ఆ పరీక్ష వేలయేండ్ల వస్తువులకు మిక్కిలి యక్కఱకు వచ్చును గాని, గడచిన మూడువందలయేండ్ల కొయ్యకు నిశ్చయమైన యేడు చెప్పలేదు. నేలబొగ్గు కాల్చుటవలన గాలిలో పాతకర్బనము కలిసిపోవుటయు అందుకొక కారణము. బొగ్గుమీద బ్రదుకు మాయూరివారికి ఈ సంగతి వింతగ తోచును. పైగా ఆ పరీక్ష చెట్టు పెరిగినకాలము చెప్పునేగాని, ఉలి పడినదినము చెప్పదు.

ఇక సంవత్సరమునకు మఱల వచ్చెదను. ఫసలు అనగా పంట. అక్బరుపాదుషా కాలమున శిస్తు వసూళ్లను పంటకాలమునకు సరిపఱచుటకు ఏర్పఱచిన లెక్క యిది. విత్తనపుగిన్నెమీద పంటయేడు చెక్కుటకన్న సహజమైనదేమున్నది? ఇది ముందే తోచవలసినది, తోచలేదు. దుర్మతియా, దుందుభియా అను తగవునకు కూడ త్రోవ దొరకినది. సేద్యపు పనిముట్లు ఉగాదికిని ఏరువాకకును నడుమ వేసవిలో చేయించుకొందురు. ఆ వేసవి ఫసలీ 1331లో పడునది 1922లోనే. అప్పటికి దుందుభి వచ్చినది. కావున ఇది 1922 వేసవిని ఒక వడ్రంగి చేతినుండి వెలువడినదని నా యూహ. అదేయేట ఆగస్టున, గోదావరికావలి మన్యమున అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై బడెను. మాయూరి గనుల సింగరేణి కంపెనీ ఆ పేర స్థాపితమై రెండేండ్లు నిండలేదు.

మావారు పాఠశాల గ్రంథాలయమునుండి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము తెచ్చియిచ్చిరి. సేద్యగాండ్ర నోటిమాటలను జిల్లాలవారిగ నంత శ్రద్ధతో కూర్చిన గ్రంథము వేఱొకటి నేను చూడలేదు. కావ్యములు చదివితినను గర్వము నాకు కొంత కలదు. నలచరిత్ర తెలిసి, నా తినెడు జొన్న యెట్లు విత్తబడునో తెలియకపోయితినని ఆరాత్రి సిగ్గుపడితిని. ధరంపాలుగారు 1971లో ప్రకటించిన గ్రంథమువలన మఱియొక సంగతి తెలిసినది. 1795లో హాల్కాటు అను ఆంగ్లసేనాని దక్షిణదేశమున గొర్రుతో విత్తుట చూచి ఆశ్చర్యపడి సీమకు వ్రాసెనట. ఇట్టి విత్తనయంత్రము ఐరోపావారి క్రొత్తసృష్టియని అతడంతవఱకు తలచియుండెను. ఇంగ్లండున జెత్రోటల్ తన యంత్రమును చేసినది 1701 ప్రాంతమున. మన గొర్రు అప్పటికే పాతది.

అంగడియతడు వైశాఖమున మఱల వచ్చెను. కాకతీయులది కాదనియు, గొర్రుమీది జడ్డిగమనియు, నూఱేండ్లు మాత్రము దాటినదనియు చెప్పితిని. "ఆ సంగతి మీకును నాకును తెలియును. కొనువానికెట్లు తెలియును? సంతకమొకటి చాలును" అనెను. మావారు నావైపు చూచిరి. నేను బొగ్గుకాగితము తెచ్చి యతనిముందు పఱచి, లెక్కయంతయు చెప్పితిని. అతడు సగము విని లేచిపోయెను. 1972నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూఱేండ్లు దాటిన ఇట్టి పనితనపు వస్తువులు పురావస్తువులలో చేరుననియు, వానితో వ్యాపారము చేయువారికి అనుమతిపత్ర ముండవలెననియు, విదేశములకు పంపరాదనియు మావారు అతనివెంట వాకిటివఱకు నడచుచు జెప్పిరి. ఆనాటినుండి అంగడికి మంచి ఇత్తడిసామాను వచ్చినను అతడు నాకు కబురు పంపుటలేదు. పెద్దదాని రుసుమునకు నా చేతిగాజులజత తాకట్టుపెట్టితిమి. పొరుగింటి పిన్నిగారు ఒక యక్షరము కోసము ఇరువదియైదువేలు పోగొట్టుకొంటినని యిప్పటికిని అందురు. ఆషాఢము దాటువఱకు నాకును ఆ మాట అప్పుడప్పుడు గుచ్చుకొనక పోలేదు.

మీ యిండ్ల అటుకలమీద నిట్టి దేదైన నున్నచో, మొదట వాసన చూడుడు, రంధ్రములను తడిమి చూడుడు, ఎక్కడ అరిగినదో చూడుడు. అరిగినచోట చేయి పెట్టినవారు ఏమి చేయుచుండిరో తలపోయుడు. అంకెలున్నచో ఏ శకమో తేల్చుకొనుడు. మన ప్రాంతపు పాతపత్రములలోను పనిముట్లలోను ఫసలీయే తఱచు. తేలనిచో ఇంటికి వచ్చు కూరగాయలవారిని, పాలవారిని, విస్తళ్లవారిని అడుగుడు. నే నడుగకయే నెలదినములు పోగొట్టుకొంటిని.

జ్యేష్ఠపూర్ణిమనాడు, ఏరువాకకు, అవ్వ మఱల వచ్చినది. జడ్డిగమును గూటినుండి దింపి పసుపు పూసి బొట్టుపెట్టితిమి. వాళ్లయూర ఇప్పుడు ట్రాక్టరుకు తగిలించిన యంత్రమే విత్తునట. గొర్రు మూలబడి పదేండ్లయినదట. చిన్నది, బల్ల రాలేదని యలిగిన పిల్ల, తానును పోయుదునని ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. పిడికిలి విప్పగానే జొన్నలన్నియు ఒక్కరంధ్రముననే కుప్పగ జాఱినవి. అవ్వ వెనుకకు పోయి కూర్చుండి దాని మణికట్టు పట్టుకొని, "అట్ల కాదు బిడ్డా, ఏలు వదులు సెయ్యకు, సెయ్యి తిప్పు" అన్నది. రెండవమాఱు రెండురంధ్రములకు గింజ యందినది, మూడవది యెండినది.

"ఈ సాలు బోడి" అన్నది అవ్వ.